చెరువుగట్టు మద్దిచెట్టు బెరడు తీస్తే తప్పా?

నెల్లూరు చిన్నోడు: బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పక్క చెరువుగట్టున పెద్ద తెల్లమద్ది ఉంది. నాన్నకి బీపీ. మాత్రలు వేసుకుంటూనే మద్దిబెరడు పాలల్లో కాచుకుని తాగుతారు. మార్కెట్ దగ్గర గ్రంధిగె అంగడిలో (ఇక్కడ మూలికలు, పూజాసామాన్లు అమ్మే కొట్టు) కొన్న పొడిలో ఏం కలిపారో నమ్మకం లేదు. చెట్టు నుంచి అరచేయంత బెరడు తీసుకుంటానని అసోసియేషన్ గ్రూపులో అన్నందుకు హత్య చేసినట్టు మాట్లాడుతున్నారు. అంత తప్పా?

కుప్పం రైతు: అరచేయంత బెరడుకి చెట్టు చావదు తమ్ముడూ. నీలాగే ఎంతమంది చెయ్యి పెట్టారన్నదే లెక్క. ఆకుల్లో తయారైన తిండి వేళ్లకి దిగేది బెరడు లోపలి పొరలోంచే. చుట్టూ ఉంగరంలా ఒలిస్తే వేళ్లు పస్తులుంటాయి. పైన ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి కాబట్టి ఒలిచినవాడికి తెలీదు. మద్దికి మళ్లీ బెరడు కట్టే గుణముంది. కానీ సన్నటి నిలువు పట్టీగా, లోపలి తడిపొరకి కత్తి తగలకుండా తీస్తేనే.

భార్గవి: ఇలా పద్ధతి చెబితే రేపు పదిమంది కత్తులతో దిగుతారండీ. అశోక గతి చూశాం కదా. ఆడవాళ్ల మందుల కోసం దాని బెరడు ఒలిచీ ఒలిచీ, 1998లోనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ముప్పున్న జాతిగా చేరింది. ఇప్పుడు అశోక పేరుతో నరమామిడి బెరడు కలుపుతున్నారు. అదేనండీ, మన కాంపౌండ్ గోడల పక్కన నిటారుగా పెరిగే చెట్టు, అందరూ అశోక అనుకునేది!

నెల్లూరు చిన్నోడు: కల్తీ ఉందని మీరే అంటున్నారక్కా. మరి చెట్టు ముట్టొద్దంటే ఎలా?

కుప్పం రైతు: కొమ్మలు చూడు. శ్రీలంకలో దాల్చినచెక్క కోసం మొక్కని మొదలుదాకా కోసి, మళ్లీ వచ్చిన పిలకల బెరడే ఒలుస్తారు. మొక్క బతికే ఉంటుంది. మద్దికైతే కాండం బెరడే కావాలని వైద్యులంటారు, ఆ పేచీ ఉందనుకో.

భార్గవి: కొమ్మైనా సరే, చెట్టు మీదున్నది కొయ్యొద్దు. అది చెరువు చెట్టు, మీ పెరటిది కాదు.

నెల్లూరు చిన్నోడు: ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. మాకు కనబడని వైపు, ఛాతీ ఎత్తులో నాలుగు గాట్లున్నాయి. ఒకదాని అంచులు పెదవుల్లా ఉబ్బి మూసుకుంటున్నాయి. మిగతా మూడూ కొత్తవే. కత్తి జేబులోంచి తియ్యలేదు. మొన్నటి గాలివానకి విరిగిన కొమ్మొకటి గట్టు మీదే పడుంది. పొద్దున చెత్త బండి రాకముందే దాన్ని ఇంటికి లాక్కొస్తా. దీనికీ అభ్యంతరమా అక్కా?