సర్వమత సమావేశం ఫ్లెక్సీకి వాక్యాలు: ఆధారాలు సరిచూస్తారా?

ప్రశ్న: ‘నీకు నచ్చనిది ఇతరులకు చేయకు’ అనే భావం ఒక్కో మతం నుంచి ఒక్కో వాక్యంగా వేయాలి. వాట్సాప్‌లో తిరిగే పట్టిక నమ్మొచ్చా? ఫ్లెక్సీ ఆరడుగుల వెడల్పు.

రామకోటి_54: నమ్మొద్దు. అందులో ‘ఖురాన్’ అని వేసేది నిజానికి హదీసు, అంటే ముహమ్మద్ ప్రవక్త మాటగా చెప్పేది: తన కోసం కోరుకునేదే తన సోదరుడి కోసమూ కోరుకోనంతవరకు ఎవరూ విశ్వాసి కారు. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. నవవీ అనే పండితుడు కూర్చిన ‘నలభై హదీసుల’లో 13వది. క్రైస్తవానికి మత్తయి 7:12, లూకా 6:31. బౌద్ధానికి ధమ్మపదం 129, 130. యూదులకు వాళ్ల ధర్మగ్రంథం తాల్ముద్‌లో షబ్బాత్ అనే భాగం, 31ఎ పుట, హిల్లెల్ అనే గురువు మాట.

హిందూ ధర్మానికి సంస్కృతం దాకా ఎందుకండీ, తిక్కన గారి కందం ఉండగా!

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మ పథముల కెల్లన్

పాదాలు ఇలాగే విరవాలి. చోటు చాలక కలిపేస్తే ‘ర’ ప్రాస పోతుంది.

నల్లరేగడి: ఇంకో సంగతి. తిక్కన, హిల్లెల్ ‘చేయకు’ అంటారు, మత్తయి ‘చేయండి’ అంటాడు. మొదటిది హాని ఆపుతుంది, రెండోది సాయం కోరుతుంది. ‘అన్ని మతాలూ అక్షరాలా ఒకటే చెప్పాయి’ అని శీర్షిక పెడితే సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

డీటీపీ_బాబాయ్: యూనికోడ్‌లో పంపితే షాపువాళ్లు ‘అను’ (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. ‘ధర్మ’లో మావత్తు చూసుకోండి. ప్రింటుకు ముందు పీడీఎఫ్ తెప్పించుకోండి.