ఫుల్ మారథాన్ ట్రైనింగ్ మధ్యలో 10కె రేసు పరుగెత్తవచ్చా?

మారతహళ్ళి నుంచి:

అందరికీ నమస్కారం. ఆగస్టు చివరి ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి (42.195 కిలోమీటర్లు) పేరిచ్చాను. ఇదే నా మొదటి ఫుల్. ఇప్పటిదాకా హాఫ్‌లే (అందులో సగం దూరం) చేశాను. వారానికి 45 నుంచి 50 కిలోమీటర్లు పడుతున్నాయి, లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడుగు పరుగు) 26 దాకా వచ్చింది. సరిగ్గా ఆరు వారాల ముందు ఆదివారం ఇక్కడ బెంగళూరులో కబ్బన్ పార్క్ చుట్టూ ఒక 10కె (పది కిలోమీటర్ల రేసు) ఉంది. ఆఫీసులో మా టీమ్ అంతా పేర్లిచ్చారు, నన్నూ రమ్మని పట్టుబడుతున్నారు. నా ప్లాన్‌లో చూస్తే ఆ రోజు 28 కిలోమీటర్లు ఉంది. రేసు మానుకోవాలా, అందరితో కలిసి మెల్లగా కానివ్వాలా, లేక గట్టిగా పరుగెత్తాలా? పోయినేడాది నా 10కె టైమ్ 54 నిమిషాలు. ఫుల్ నాలుగు గంటల్లో చేయాలని మనసులో ఉంది. ఎడమ పిక్క అప్పుడప్పుడూ పట్టేస్తోంది, ఆ టెన్షన్ ఒకటి.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి:

నేనైతే వద్దంటాను. మొదటి ఫుల్‌కి లాంగ్ రన్లే ప్రాణం. ఆరు వారాల ముందు ఒక లాంగ్ రన్ పోగొట్టుకుంటే మళ్ళీ దొరకదు. పైగా పిక్క పడుతోందంటున్నారు. రేసులో పక్కవాళ్ళు దూసుకుపోతుంటే ఎవరూ ఆగలేరు. 10కెలు ఏడాది పొడుగునా ఉంటాయి, ఫుల్ అయ్యాక చూసుకోవచ్చు.

జయనగర్ నుంచి:

నా మాట వేరండి. వెళ్ళండి, గట్టిగానే పరుగెత్తండి. కాకపోతే లాంగ్ రన్ పోకూడదన్న పై మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో ఇవాళే తేల్చుకోండి. ఈ చర్చలో అసలు విషయం అదే.

ముందు లాభం సంగతి. మారథాన్ ట్రైనింగ్‌లో రెండు మూడు నెలలు గడిచేసరికి కాళ్ళు ఒకే నెమ్మది వేగానికి అలవాటు పడిపోతాయి. దాన్ని విరగ్గొట్టడానికే వారం మధ్యలో టెంపో రన్‌లు, అంటే థ్రెషోల్డ్ వేగం దగ్గర సాగే పరుగులు పెడతారు. మనిషి దాదాపు గంటసేపు నిలబెట్టుకోగల వేగాన్ని థ్రెషోల్డ్ అంటారు. 54 నిమిషాల్లో 10కె చేసేవాళ్ళకు రేసు వేగం దానికి చాలా దగ్గరగా, ఒక పిసరు పైన ఉంటుంది. ఒంటరిగా సర్వీసు రోడ్డు మీద బైకులూ కుక్కలూ తప్పించుకుంటూ ఆ వేగాన్ని ఇరవై నిమిషాలు పట్టుకోవడమే గొప్ప. రేసులో అయితే రోడ్డు ఖాళీ చేసి ఇస్తారు, ముందూ వెనకా మనుషులుంటారు, దారిలో నీళ్ళిస్తారు. అంత మంచి వర్కవుట్ మీరు విడిగా చేయలేరు.

ఇప్పుడు వారం ఎలా మార్చుకోవాలో చెప్తాను. ఆ వారం టెంపో, ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో ఆగుతూ చేసే వేగపు పరుగులు) రెండూ తీసేయండి, రేసే ఆ వారపు గట్టి పని. మంగళ, బుధ, గురువారాలు మాట్లాడుతూ పరుగెత్తగల వేగంలో వెళ్ళండి. శుక్రవారం విశ్రాంతి. శనివారం నాలుగైదు కిలోమీటర్లు తేలిగ్గా, చివర్లో వంద మీటర్ల స్ట్రైడ్స్ (మెల్లగా వేగం పెంచుకుంటూ వెళ్ళే చిన్న పరుగులు) నాలుగు. ఆదివారం మూడు కిలోమీటర్లు వార్మప్, రేసు, ఆ తర్వాత నాలుగు కిలోమీటర్లు చాలా నెమ్మదిగా. మొత్తం 17 వస్తుంది. 28ని పై ఆదివారానికి జరపండి. దాని తర్వాతి ఆదివారం 22కి తగ్గించండి. ఫుల్‌కి మూడు వారాలు ఉండగా 30 నుంచి 32, అక్కణ్ణుంచి టేపర్, అంటే రేసు దాకా దూరం తగ్గించుకుంటూ రావడం. చూశారా, ఏదీ పోలేదు, ఒక వారం వెనక్కి జరిగింది అంతే. ఇదే రేసు ఫుల్‌కి మూడు వారాల ముందు ఉండి ఉంటే నేనూ వద్దనేవాణ్ణి, అప్పుడు జరపడానికి చోటుండదు.

రేసు తర్వాత విశ్రాంతికి కోచ్‌ల దగ్గర ఒక పాత లెక్క ఉంది. రేసులో ప్రతి మూడు కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున తేలిక రోజులు. అంటే సోమ, మంగళ, బుధ మూడు రోజులు వేగం జోలికి పోవద్దు. కాళ్ళు బాగానే ఉన్నాయనిపించినా సరే.

పిక్క గురించి. పరుగు మొదలెట్టిన కాసేపటికి సర్దుకుంటే అది బిగుతు. పరుగెత్తేకొద్దీ పెరుగుతున్నా, వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమంటున్నా అది వేరే సంగతి. గురువారం ఆ కాలి మీదే నిలబడి మడమ పైకెత్తుతూ దించుతూ ఇరవైసార్లు చేయండి, తర్వాత ఒంటికాలి మీద పదిసార్లు గెంతండి. నొప్పి వస్తే ఆదివారం టీమ్‌కి చప్పట్లు కొట్టడానికి వెళ్ళండి, సోమవారం ఫిజియో దగ్గరికి వెళ్ళండి.

మారతహళ్ళి నుంచి:

చాలా థ్యాంక్స్ అన్నా. ఒక్క డౌట్. రేసు అయిపోగానే అలాగే ఇంకో 18 పరుగెత్తితే ఆ రోజే 28 అయిపోతుంది కదా? రేసు తర్వాతి ఆదివారం ఊళ్ళో పెళ్ళి ఉంది, కడపకి పోవాలి.

జయనగర్ నుంచి:

గట్టిగా పరుగెత్తితే వద్దు. అలిసిన తొడలతో, ఒరిగిపోయిన నడుముతో చేసే 18 కిలోమీటర్లలో ఓర్పు పెరగడం కన్నా పిక్క తిరగబడే అవకాశమే ఎక్కువ. పెళ్ళి తప్పదనుకుంటే రెండో దారి ఉంది. 10కెని రేసుగా కాకుండా మీ మారథాన్ పేస్‌లో, అంటే ఫుల్‌లో పరుగెత్తాలనుకున్న వేగంలో చేయండి. ముందు ఎనిమిది నెమ్మదిగా, మధ్యలో పది మారథాన్ పేస్, తర్వాత పది మళ్ళీ నెమ్మదిగా. మంచి లాంగ్ రన్ అవుతుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ముందరి ఎనిమిది అయ్యాక స్టార్ట్ దగ్గర గుంపులో అరగంట నిలబడితే చెమట చల్లారి కాళ్ళు బిగుసుకుంటాయి, అందుకే చివరి పది నిమిషాలకు చేరేలా చూసుకోండి. రెండోది, మీ టీమ్ కుర్రాళ్ళు పక్కనుంచి దాటిపోతుంటే కిలోమీటరుకి 5:40 నిమిషాల దగ్గర ఉండగలగాలి. ఉండలేననుకుంటే మొదటి దారే మేలు, పెళ్ళికి శనివారం రాత్రి కాకుండా శుక్రవారమే వెళ్ళి 28ని శనివారం తెల్లవారుజామున కడపలో పూర్తి చేయండి. వేడెక్కకముందే అయిపోవాలి, నీళ్ళకి ఎవరినైనా బండి మీద తోడు పెట్టుకోండి.

వైట్‌ఫీల్డ్ నుంచి:

నేను కిందటేడు హైదరాబాద్ ఫుల్ చేశాను. రెండు మాటలు చెప్పాలనిపించింది.

ఈ రేసుని రిహార్సల్‌గా వాడుకోండి. ఆగస్టులో వేసుకునే బూట్లు, సాక్సులు, నిక్కరు అన్నీ అవే వేసుకోండి. పొద్దున్నే ఏం తినాలనుకుంటున్నారో, రెండిడ్లీలైనా బ్రెడ్డూ అరటిపండైనా, అదే తిని ఎంతసేపటికి కడుపు తేలికపడుతుందో, ఎన్నింటికి లేస్తే బాత్రూమ్ పని సాఫీగా అవుతుందో చూసుకోండి. 10కెకి జెల్ (పరుగులో శక్తి కోసం తీసుకునే తీపి పేస్టు) అవసరం లేదు, కానీ ఫుల్‌లో వాడబోయేదాన్ని వార్మప్‌కి ముందు ఒకటి తీసుకుని చూడొచ్చు. ఆదివారాల్లో మెట్రో మామూలుగా ఏడింటికి మొదలవుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ఆటోనో క్యాబో ముందే మాట్లాడుకోండి, లేకపోతే వార్మప్ అంతా టెన్షన్‌లోనే అయిపోతుంది.

రెండోది, వాచీ. కొలిచిన కోర్సులను మలుపుల్లో అతి దగ్గర దారి పట్టుకుని కొలుస్తారు, పైగా తక్కువ కాకుండా కిలోమీటరుకి ఒక మీటరు కలుపుతారు. మనం గుంపులో అటూ ఇటూ జరుగుతూ మలుపులు బయటినుంచి తిరుగుతాం. కబ్బన్ పార్క్ చెట్ల కింద జీపీఎస్ కూడా కాస్త తడబడుతుంది. అందుకే వాచీ 10.1, 10.2 చూపిస్తుంది. వాచీలో 5:18 కనిపిస్తోందని 53 నిమిషాలు లెక్కేసుకుంటే చివర్లో అరనిమిషం పైనే తేడా వస్తుంది. రోడ్డు పక్కన పెట్టిన కిలోమీటరు బోర్డుల దగ్గర గడిచిన టైమ్ చూసుకోండి, అదే లెక్క.

జయనగర్ నుంచి:

బాగా చెప్పారండి. దానికి ఒకటి కలుపుతాను. మొదటి రెండు కిలోమీటర్లు 5:25 దాటి వేగం వద్దు. మూడు నుంచి ఏడు దాకా 5:18 చుట్టూ. రోడ్డు ఎక్కే చోట వేగం తగ్గనివ్వండి, ఆయాసం మాత్రం ఒకే తీరులో ఉండాలి. ఎనిమిదో బోర్డు దాటాక మిగిలిందంతా పెట్టేయండి.

మారతహళ్ళి నుంచి (రేసు తర్వాత):

అన్నా, అండీ, ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటి దారే పట్టాను. చిప్ టైమ్ (బిబ్‌లోని చిప్ స్టార్ట్ గీత నుంచి కొలిచిన టైమ్) 52:48! ఎనిమిది తర్వాత ఊపిరి అందలేదు గానీ వేగం పడిపోలేదు. పిక్క ఏమీ అనలేదు. ఇప్పుడు ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో వేస్తే ఫుల్ 4:03 చూపిస్తోంది. ఇంకో ఐదు వారాల ట్రైనింగ్ ఉంది కాబట్టి నాలుగు గంటలకు వెళ్ళొచ్చా?

జయనగర్ నుంచి:

అభినందనలు! చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు ఆ 4:03 ఎలా వచ్చిందో చూడండి. పీట్ రీగెల్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం అది. దూరం ఎన్ని రెట్లు పెరిగిందో దానికి 1.06 ఘాతం వేసి టైమ్‌ని గుణిస్తారు. 10కె నుంచి ఫుల్‌కి అది దాదాపు 4.6 రెట్లు. ఆ లెక్కన నాలుగు గంటలకు 52:10 కావాలి, మీరు అరనిమిషం పైచిలుకు దూరంలో ఉన్నారు, నిజమే. కానీ ఆ సూత్రం మీరు రెండు దూరాలకూ సమానంగా తయారయ్యారని అనుకుంటుంది. వారానికి 50 కిలోమీటర్లతో 10కెకి మీరు పూర్తిగా తయారే. 42.195కి అది సరిపోయీ సరిపోని లెక్క. 30 దాటాక కాళ్ళలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (కండరాలు ఇంధనంగా వాడుకునే పిండిపదార్థం) అడుగంటే సంగతి గంటలోపు అయిపోయే రేసుకి తెలియదు. మొదటి ఫుల్‌లో సూత్రం చెప్పినదానికి పది ఇరవై నిమిషాలు కలుపుకోవడం నా అలవాటు, నేను శిక్షణ ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ మధ్యలోనే పడ్డారు.

పైగా మీరు 52:48 కొట్టింది జూలై బెంగళూరులో, చల్లటి పొద్దునపూట. ఆగస్టు హైదరాబాద్‌లో గాలిలో తేమ ఎక్కువ.

వైట్‌ఫీల్డ్ నుంచి:

ఫ్లైఓవర్లు మర్చిపోయారు. హైదరాబాద్ దారిలో ఎక్కుడు దిగుళ్ళు చాలా ఉంటాయి. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు తొడల ముందుభాగం దెబ్బతింటుంది, అది ముప్పై దాటాక తెలుస్తుంది. మీ 28, 32 రెండింట్లోనూ ఎక్కుడు దిగుళ్ళున్న దారి పెట్టుకోండి. మీ వైపు అవుటర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ల మీద పరుగు ప్రమాదం, వాటి జోలికి వెళ్ళకండి. జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) క్యాంపస్ లోపల, నంది హిల్స్ కింది పల్లె దారుల్లో అయితే హాయిగా చేసుకోవచ్చు.

జయనగర్ నుంచి:

అవును, అదే ముఖ్యం. కాబట్టి మారథాన్ రోజు 5:55తో మొదలెట్టండి. చివరిదాకా అలాగే ఉంటే 4:10కి కొద్దిగా లోపల వస్తారు. 30 దగ్గర ఇంకా మాట్లాడగలుగుతుంటే అప్పుడు పెంచండి. ఈ బుధవారం దాకా మాత్రం తేలిగ్గానే. 28 కడపలో చేస్తున్నారా, ఇక్కడేనా? ఇక్కడైతే శనివారం జీకేవీకేకి మేం కొందరం వెళ్తున్నాం, ఐదింటికి గేటు దగ్గర కలవండి. నీళ్ళు, ఎలక్ట్రాల్ నేను తెస్తాను.