అద్దె ఇంట్లో ఆఫీసు మూలకి గుడ్డ చుట్టిన పిన్ బోర్డు: కార్కా, సాఫ్ట్‌బోర్డా?

వేళచ్చేరి_అద్దె:
చెన్నైలో అద్దె ఫ్లాటు. గోడకి ఆనించిన టేబులు పైన 3 × 2 అడుగుల బోర్డు కావాలి, దాని మీద కలంకారీ గుడ్డ చుట్టాలని ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే 3 మి.మీ. కార్క్ రోలు కొని థర్మకోల్ మీద అంటిస్తే సరిపోతుందా? లేక సాఫ్ట్‌బోర్డే (చెక్క పీచుతో చేసే మెత్తని పలక) కొనాలా? జిగురు ఏది? ఇంకో రెండు ఇబ్బందులు: ఓనరుకి గోడకి డ్రిల్లు వెయ్యడం ఇష్టం లేదు, పైగా అది బయటి గోడ, ఐప్పసి, కార్తీక (అక్టోబరు-డిసెంబరు) వానలకి చెమ్మెక్కుతుంది.

చెక్కపని:
థర్మకోల్ ఆలోచన మానెయ్యండి. పుష్ పిన్ను సూది సుమారు 10 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. కార్కు దాటి మిగతాదంతా థర్మకోల్‌లోకి దిగుతుంది. కార్కు నొక్కుకుపోయినా మళ్ళీ సాగి పిన్నుని పట్టుకుంటుంది, థర్మకోల్‌కి ఆ గుణం లేదు. నాలుగుసార్లు గుచ్చేసరికి కన్నం వదులై పిన్ను రాలిపోతుంది. పైగా కార్కు అంటించే ఎస్.ఆర్. (సింథటిక్ రబ్బరు) రకం జిగురులోని సాల్వెంట్ (ద్రావకం) థర్మకోల్‌ని కరిగించేస్తుంది.

మీ కొలతకి సరిపడేది: 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి, 12 మి.మీ. సాఫ్ట్‌బోర్డు ముక్క ఒకటి, రెండూ 36 × 24 అంగుళాలు. ప్లైవుడ్ దుకాణంలోనే కోయించుకోండి. ఇంట్లో కత్తితో కోస్తే సాఫ్ట్‌బోర్డు అంచు పీచుపీచుగా లేస్తుంది, గుడ్డ చుట్టాక ఆ గతుకులన్నీ పైకి తెలుస్తాయి. కోసిన అంచులకి 120 నంబరు ఉప్పు కాగితం (శాండ్ పేపర్) ఒకసారి రుద్దండి, మూలలు కొంచెం గుండ్రం చెయ్యండి. సూదిగా ఉన్న మూల గుడ్డని చింపుతుంది.

రెండింటినీ అతకడానికి ఫెవికాల్ ఎస్.ఆర్. 998 లాంటి కాంటాక్ట్ జిగురు. రెండు ముఖాలకీ పల్చగా రాసి 10-15 నిమిషాలు ఆగాలి. వేలు పెడితే జిగటగా ఉండాలి గాని వేలికి అంటుకోకూడదు, అప్పుడే కలపాలి. తడిగా ఉండగా కలిపితే సాల్వెంట్ లోపలే ఇరుక్కుని బుడగలు వస్తాయి. ఒకసారి తాకాక జరపడం కుదరదు కనుక ముందు ఒక అంచు సరిచూసుకుని మెల్లగా దించండి. కిటికీలు తెరిచి చెయ్యాలి, ఆ గదిలో అగరొత్తి కూడా వెలగకూడదు.

తెల్ల ఫెవికాల్‌తో చెయ్యకూడదా అంటే చెయ్యొచ్చు, కానీ అందులో నీళ్ళుంటాయి. ఒక వైపే తడి తగిలితే పల్చని పలక ఆ వైపు ఉబ్బి, ఆరేటప్పుడు వంగుతుంది. కార్కు రోలు చుట్టుకుపోవడానికి సగం కారణం అదే. మిగతా సగం, రోలు విప్పిన వెంటనే అంటించడం. కనీసం ఒక రోజు పరిచి, పైన బరువులు పెట్టి ఉంచాలి.

మింట్‌స్ట్రీట్:
పై లెక్కతో ఒక్క విషయంలో ఒప్పుకోను. చెమ్మ గోడ అని చెప్పాక సాఫ్ట్‌బోర్డు ఎందుకు? అది చెక్క పీచు, నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, చెదకి ఇష్టమైన భోజనం. 10 మి.మీ. కార్కు షీటు వెల ఎక్కువే, కాదనను. కానీ తేమకి దాదాపు చలించదు, పిన్ను కన్నాలు పూడిపోతాయి. గుడ్డ చుట్టకుండా వదిలేసినా చూడ్డానికి బాగుంటుంది.

పిన్నులే వద్దనుకుంటే 26 గేజ్ జి.ఐ. (జింకు పూత ఉన్న ఇనుప) రేకు ప్లైవుడ్ మీద అంటించి పైన గుడ్డ చుట్టండి, అయస్కాంతాలు పట్టుకుంటాయి. ఈ కొలతకి రేకు రెండు కిలోల పైన తూగుతుంది. స్టీలు దుకాణంలో 304 స్టెయిన్‌లెస్ ఇస్తే తీసుకోకండి, దానికి అయస్కాంతం అంటదు. గుడ్డ మందం, కాగితం మందం మధ్యలో అడ్డం వస్తాయి కాబట్టి ఫ్రిజ్ బొమ్మల అయస్కాంతాలు జారిపోతాయి, చిన్న నియోడిమియం బిళ్ళలు వాడాలి. రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, మడత పెట్టించి తెచ్చుకోండి.

చెక్కపని:
తేమ మాట నిజమే, కానీ దానికి మందు గోడకీ బోర్డుకీ మధ్య ఖాళీ. కార్కు పెట్టినా గోడకి అతుక్కుని ఉంటే వెనక ప్లైవుడ్‌కి బూజు పట్టక మానదు. వెనక నాలుగు మూలలా 8-10 మి.మీ. రబ్బరు బుష్‌లు బిగించండి, గాలి ఆడుతుంది. ప్లైవుడ్ వెనక వైపు ఒక కోటు వుడ్ ప్రైమర్ వేస్తే ఇంకా మంచిది.

పన్నా_పోగు:
గుడ్డ గురించి ఎవరూ చెప్పలేదు. బోర్డు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

3 × 2 బోర్డుకి 42 × 30 అంగుళాల గుడ్డ కావాలి, అన్ని వైపులా 3 అంగుళాలు వెనక్కి మడవడానికి. 44 పన్నా గుడ్డ అయితే ఒక మీటరు చాలు, ఉతికితే కుంచించుకుపోయేది కూడా అందులో సరిపోతుంది. ఉతకడం తప్పనిసరి. పెడన అచ్చు కలంకారీలో ఎరుపు, నలుపు మొదట రంగు వదులుతాయి. చన్నీళ్ళలో నీరు తేటగా వచ్చేదాకా జాడించి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు చుట్టండి. చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర గోడౌన్ స్ట్రీట్‌లో కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు చాలా అమ్ముతారు. పిన్ బోర్డుకి అదీ నష్టం లేదు, ధర మాత్రం అచ్చు గుడ్డది ఇవ్వకండి. శ్రీకాళహస్తి కలం పని దొరికితే మాత్రం ఫ్రేము కట్టించుకోండి, దాన్ని సూదులతో పొడవడం అన్యాయం.

నేత కాస్త వదులుగా ఉన్న నూలు, ఖాదీ అయితే పిన్ను తీశాక గోటితో రుద్దితే కన్నం మూసుకుపోతుంది. పట్టు, శాటిన్ మీద ప్రతి పోటూ మచ్చలా మిగులుతుంది. లేత రంగు గుడ్డ అయితే కింద తెల్ల అస్తరు వెయ్యండి, లేకపోతే బోర్డు గోధుమరంగు పైకి కొడుతుంది.

ముందు వైపు ఎక్కడా జిగురు రాయొద్దు, మరక తేలుతుంది. గుడ్డ బోర్లా పరిచి, మీద బోర్డు బోర్లించి, స్టేపుల్ గన్‌తో వెనక ప్లైవుడ్‌కి కొట్టండి. 6 మి.మీ. పిన్నులు చాలు. సాఫ్ట్‌బోర్డులోకి మాత్రమే కొడితే ఊడిపోతాయి, వెనక ప్లైవుడ్ ఉండాల్సింది అందుకే. పై అంచు మధ్యలో ఒకటి, లాగి పట్టి కింది అంచు మధ్యలో ఒకటి, తర్వాత కుడి, ఎడమ. అక్కడి నుంచి మూలల వైపు రెండేసి అంగుళాలకి ఒకటి. ఒక మూల నుంచి మొదలెట్టి వరుసగా కొట్టుకుపోతే కలంకారీ తీగలు ఏటవాలుగా పాకుతాయి. ఆ వంకర రోజూ కళ్ళెదుటే ఉంటుంది.

వేళచ్చేరి_అద్దె:
అందరికీ థాంక్స్ అండి. సాఫ్ట్‌బోర్డే వేస్తాను. రిబ్బను అడ్డదిడ్డంగా కట్టి కాగితాలు అందులో దోపే పద్ధతి చూశాను, దానికెంత రిబ్బను కావాలి? డ్రిల్లు లేకుండా నిలబెట్టడం మాటేమిటి?

పన్నా_పోగు:
అంచుల వెంట మూల నుంచి 12 అంగుళాలకొక గుర్తు పెట్టండి. మీ కొలతకి ఒక్కో దిక్కున నాలుగు, మొత్తం ఎనిమిది ఏటవాలు గీతలు వస్తాయి. వాటి పొడవు 17 అడుగులు. వెనక్కి మడిచే కొసలకి రెండేసి అంగుళాలు కలిపితే ఆరు మీటర్లు, ఏడు కొనండి. అరంగుళం రిబ్బను, సాగనిది. బోర్డు లోపల గీతలు దాటుకునే చోట్లు ఎనిమిది. అక్కడ గుండీ కుట్టడమో, అలంకారపు మేకు కొట్టడమో చెయ్యాలి. లేకపోతే రిబ్బను కుంగి కాగితం జారుతుంది. ఏ4 కాగితాలు బాగా నిలుస్తాయి, విజిటింగ్ కార్డులు మాత్రం జారి పడతాయి, వాటికి పిన్నే గతి.

చెక్కపని:
ఇదంతా కలిపి నాలుగైదు కిలోలు తూగుతుంది. గోడకి అంటించే పట్టీలు వద్దు. పట్టీ పట్టు వదలకపోయినా చెమ్మెక్కిన పుట్టీ, పెయింటుతో సహా ఊడొస్తుంది, అప్పుడు ఓనరు అడ్వాన్సులో కోస్తాడు. టేబులు వెనక అంచుకి రెండు నిలువు రీపర్లు (ఒకటిన్నర × ముప్పావు అంగుళం చెక్క బద్దలు) జి-క్లాంపులతో (మర తిప్పి బిగించే పట్టులు) బిగించి, బోర్డుని వాటికి బోల్టులతో బిగించండి. 6 మి.మీ. ప్లైవుడ్ ఒక్కటే స్క్రూని పట్టుకోదు కాబట్టి గుడ్డ చుట్టకముందే ముందు వైపు నుంచి బోల్టు వేసి, దాని తల సాఫ్ట్‌బోర్డులో మునిగేలా బిగించుకోండి. బోర్డు కింది అంచు టేబులుకి ఎనిమిది అంగుళాల పైన ఉంటే మానిటరు అడ్డం రాదు. టేబులు కాస్త ముందుకి జరిపితే గోడకి గాలి కూడా ఆడుతుంది.