ఇంటర్నెట్‌లో బతికున్నవారి గురించి రాసేవారు తమ అసలు పేరు చెప్పి తీరాలా?

కృష్ణాతీరం:
చెప్పి తీరాలన్నదే నా వాదన. అందుకు 2005 నాటి జాన్ సీగెంథాలర్ ఉదంతం ఒక్కటి చాలు. ఆయన అమెరికాలో పేరున్న పాత్రికేయుడు. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ దగ్గర సహాయకుడిగా పనిచేసి, ఆయన అంత్యక్రియల్లో శవపేటిక మోసినవారిలో ఒకరు. అటువంటి వ్యక్తికి కెన్నెడీ సోదరులిద్దరి హత్యల్లోనూ ప్రమేయం ఉందని కొన్నాళ్లు అనుమానించారంటూ ఎవరో పేరు లేకుండా మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో రాసిపెడితే, అది సెప్టెంబరు దాకా అలాగే ఉండిపోయింది. వికీపీడియా మీద దావా వేద్దామన్నా, ఇతరులు రాసినదానికి వేదికను బాధ్యురాలిని చేయకూడదన్న 1996 నాటి అమెరికా చట్టం అడ్డం. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి చివరికి మిగిలింది పత్రికలో తన గోడు రాసుకోవడమే.

గోదావరిగట్టు:
కృష్ణాతీరం గారూ, మీరు ఆపిన చోటు నుంచి కథ ఇంకా ఉంది. వికీపీడియా విమర్శకుడొకరు ఆ రాత వచ్చిన ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) పట్టుకుని ఆరా తీస్తే, అది నాష్‌విల్‌లోని ఒక డెలివరీ సంస్థదని తేలింది. డిసెంబరులో అక్కడి ఉద్యోగి ఒకరు, సహోద్యోగిని ఆటపట్టించడానికి తానే రాశానని ఒప్పుకుని క్షమాపణ కోరాడు. సీగెంథాలర్ దావా వేయలేదు సరికదా, ఉద్యోగం వదులుకున్న ఆ మనిషిని మళ్లీ పనిలోకి తీసుకోమని యజమానికి చెప్పారు. ఖాతా తెరవకుండా రాశాడు కాబట్టే ఐపీ బయటపడింది. ఏదో మారుపేరుతో ఖాతా తెరిచి ఉంటే ఇంకా భద్రంగా దాక్కునేవాడు. కాబట్టి అసలు లోపం పేరు లేకపోవడంలో కాదు, ఇంత పెద్ద మాటకు ఆధారమేదని నాలుగు నెలలపాటు ఒక్కరూ అడగకపోవడంలో ఉంది. ఆ డిసెంబరులోనే వికీపీడియా జీవించి ఉన్నవారి గురించి ప్రత్యేక నియమం రాసుకుంది: వివాదాస్పదమైన మాటకు సరైన మూలం చూపకపోతే, చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసివేయాలి.

ఇక మన దేశం సంగతి. వికీపీడియాలో తన గురించిన వ్యాసం పరువు తీసేలా ఉందంటూ ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో ఢిల్లీ హైకోర్టులో రెండు కోట్ల రూపాయలకు దావా వేసినప్పుడు, ఆ వ్యాసంలో మార్పులు చేసినవారి వివరాలు ఇవ్వాలని కోర్టు వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థను ఆదేశించింది. చివరకు వివరాలు సీల్డు కవరులో కోర్టుకు ఇవ్వడానికి, సమన్లు వికీమీడియా ద్వారానే వారికి చేరడానికి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. నాకు న్యాయంగా తోచిన దారి ఇదే: జవాబు చెప్పాల్సింది న్యాయమూర్తికి గానీ, రేపు ఇంటి ముందు గుమిగూడే జనానికి కాదు. ఎమ్మెల్యే మీదో, ఇసుక రేవు నడిపేవారి మీదో సొంత పేరుతో రాయమంటే ఊళ్లో ఉండేవారు ఎంతమంది రాస్తారు?

కృష్ణాతీరం:
ఇసుక రేవు మాట ఒప్పుకుంటాను. కానీ సీల్డు కవరు దాకా వెళ్లడానికి ఏఎన్ఐకి ఢిల్లీలో న్యాయవాదులున్నారు. మండల కేంద్రంలోని బడి పంతులమ్మ మీద ఎవరో దొంగ ఖాతాతో నీచంగా రాస్తే ఆమె ఎక్కడికి పోవాలి? పరువునష్టం నేరంలో పోలీసులు నేరుగా కేసు కట్టరు. ఆమే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేసుకోవాలి, ముద్దాయి ఎవరో తెలియకుండా! మీ ఆధారాల నియమం వికీపీడియాలో పనిచేయవచ్చు, ఎందుకంటే అక్కడ తీసివేసే అధికారం చదివే ప్రతివారి చేతిలోనూ ఉంది. ఫేస్‌బుక్ గోడ మీద పంతులమ్మకు ఆ అధికారం ఎవరిచ్చారు?

గోదావరిగట్టు:
ఎవరూ ఇవ్వలేదు, నిజమే. అయితే అక్కడ ఆమెకు ముందు కావలసింది ఆ రాత దిగిపోవడం. రాసినవాడి పేరు ఆ తర్వాతి మాట. ఫిర్యాదు అందగానే, ఆధారం చూపేదాకా ఆ రాతను కనబడకుండా ఉంచే బాధ్యతను వేదిక మీద పెట్టమనండి, మీతోపాటు నేనూ సంతకం చేస్తాను. కాకపోతే అదే మీటను ఇసుక రేవువారు కూడా నొక్కుతారు కాబట్టి, ప్రజాపదవిలో ఉన్నవారికీ ప్రభుత్వ కాంట్రాక్టులు చేసేవారికీ ఆ వెసులుబాటు ఉండకూడదు.