26 వారాలకే పుట్టిన బిడ్డ: వెంటిలేటర్ కొనసాగించాలా, వద్దా? మీ సలహా కావాలి

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక పల్లె. మా చెల్లెలికి 26 వారాలకే కాన్పు అయి, 810 గ్రాముల ఆడపిల్ల పుట్టింది. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి సర్ఫాక్టెంట్ అనే మందు ఇచ్చి వెంటిలేటర్ మీద ఉంచారు. పదకొండో రోజున తలకు చేసిన స్కానింగ్‌లో మెదడులో నాలుగో గ్రేడు (అన్నిటికన్నా తీవ్రమైన) రక్తస్రావం కనిపించిందని, బతికినా నడక, మాట దెబ్బతినే అవకాశం ఎక్కువని చెప్పిన డాక్టరు గారు, వెంటిలేటర్ కొనసాగించాలో, బాధ తెలియకుండా చూసుకునే వైద్యంతో సరిపెట్టాలో ఆలోచించుకోమన్నారు. ఆ మాటైనా వరండాలో నిలబెట్టి, చెల్లెలి భర్త ఒక్కరికే చెప్పారు.

చెల్లెలికి ఇంకా తెలియదు. పచ్చి బాలింతకు చెప్పకూడదని పెద్దలు అంటున్నారు. ఆమె మాత్రం రెండు గంటలకోసారి పాలు పిండి ఇస్తోంది. నర్సమ్మ అందులో ఒక్క మిల్లీలీటరు సిరంజిలోకి తీసి, నరాలు పైకి కనిపించేంత పలుచని చర్మమున్న ఆ బిడ్డకు ట్యూబు ద్వారా పడుతున్నారు. ఆ తల్లిని పక్కన పెట్టి నిర్ణయం తీసుకోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ప్రాణాధార చికిత్స ఉపసంహరణకు (వెంటిలేటర్ వంటివి తీసేయడానికి) సుప్రీంకోర్టు 2018లో మార్గదర్శకాలిచ్చి, 2023లో వాటిని సడలించిందని, రెండు వైద్య మండళ్లు (డాక్టర్ల బృందాలు) పరిశీలించాలని చదివాను. పసికందుల విషయంలో ఇది ఆచరణలో ఎలా జరుగుతుందో తెలిసినవారు దయచేసి చెప్పండి. ఇటువంటి పరిస్థితిని దాటివచ్చిన తల్లిదండ్రులు, నవజాత శిశు విభాగాల్లో పనిచేసేవారు ఉంటే, డాక్టరు గారిని మేము ఏమేమి అడగాలో, చెల్లెలికి ఈ సంగతి ఎవరు, ఏ మాటలతో చెబితే మంచిదో తెలియజేయగలరు.