యంగ్స్‌టౌన్ ఓట్లు ఎందుకు మారాయి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను ఒహాయోకి వచ్చి మూడేళ్లయింది. ఇక్కడి రాజకీయాల్లో ఒక విషయం ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు.

యంగ్స్‌టౌన్ ఒకప్పుడు ఉక్కు ఊరు. 1977 సెప్టెంబర్ 19న అక్కడి పెద్ద ఉక్కు మిల్లు మూసేస్తున్నామని ప్రకటించారు. వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఆ రోజుని ఇప్పటికీ 'బ్లాక్ మండే' అంటారు. అయినా ఆ ఊరున్న మహోనింగ్ కౌంటీ దశాబ్దాలపాటు డెమోక్రాట్లకే ఓటేసింది. 2012లో కూడా ఒబామాకి భారీ మెజారిటీ ఇచ్చింది. 2020లో మాత్రం ట్రంప్ గెలిచారు. 1972లో నిక్సన్ తర్వాత అక్కడ రిపబ్లికన్ గెలవడం అదే మొదటిసారి.

ఉద్యోగాలు పోవడమే కారణమైతే మార్పు రావడానికి నలభై ఏళ్లు ఎందుకు పట్టింది? ఇంకో సంగతి. 2017లో ట్రంప్ యంగ్స్‌టౌన్ వచ్చి, ఉద్యోగాలన్నీ తిరిగొస్తాయి, ఇళ్లు అమ్ముకోవద్దు అన్నారు. 2019లో పక్కనే లార్డ్‌స్టౌన్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. అయినా మరుసటి ఏడాది ఓట్లు ఆయనకే పెరిగాయి!

1994లో అమల్లోకి వచ్చిన నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య వాణిజ్య ఒప్పందం) మీద కోపమా? యూనియన్లు బలహీనపడటమా? చదువుకున్న పిల్లలు ఊళ్లు వదిలిపోవడమా? నాకైతే యూనియన్ల సంగతే ముఖ్యం అనిపిస్తోంది. ఫ్యాక్టరీతో పాటు యూనియన్ హాలు కూడా పోతే, ఎవరికి ఓటేయాలో మాట్లాడుకునే చోటే ఉండదు కదా.

ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, అక్కడి కార్మికులతో కలిసి పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే మీరు విన్నది, చూసింది దయచేసి రాయండి. పక్కింటి పెద్దాయన ఆ మిల్లులోనే పనిచేశారు. ఏమీ తెలియకుండా అడిగి ఆయన్ని బాధపెట్టడం నాకు ఇష్టం లేదు.