ఫిరంగి అంటే తోపా, మనిషా?

ప్రశ్న: నిన్న గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్తుంటే ఫిరంగిపురం బోర్డు కనబడింది. పక్క సీటు పెద్దాయన "ఫిరంగి అంటే తోపు కాదు బాబూ, తెల్లవాడు" అన్నారు. నిఘంటువులో రెండర్థాలూ ఉన్నాయి. ఏది ముందు?

జవాబు: మనిషే ముందండీ. క్రూసేడ్ల (ఐరోపా క్రైస్తవులు జెరూసలేం కోసం చేసిన యుద్ధాల) కాలానికి అరబ్బులు పశ్చిమ ఐరోపా వాళ్ళందరినీ కలిపి 'ఇఫ్రంజ్' అనేవారు. పారసీకంలో అది 'ఫరంగ్', మన దగ్గరికొచ్చేసరికి 'ఫిరంగి'. వాళ్ళు తెచ్చిన తోపుకూ అదే పేరు అంటుకుంది. మూలం మాత్రం 'ఫ్రాంకు'.

ఆ ఫ్రాంకులు ఫ్రెంచివాళ్ళు కారు, జర్మానిక్ తెగ. 5వ శతాబ్దం చివర్లో క్లోవిస్ అనే ఫ్రాంకు రాజు గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతంలో, చాలా భాగం గెలిచాడు. అక్కడి జనం మాట్లాడేది లాటిన్. పోనుపోను ఏలినవాళ్ళే జనం భాషలోకి మారిపోయారు, దేశానికి మాత్రం తెగ పేరు మిగిలింది. జర్మన్లు ఇప్పటికీ ఫ్రాన్సును 'ఫ్రాంక్‌రైష్' అంటారు, ఫ్రాంకుల రాజ్యం అని. వాళ్ళ సొంత ఫ్రాంక్‌ఫర్టేమో ఫ్రాంకులు నది దాటే రేవు!

ఇంకొకరు: మరి ఫ్రెంచివాళ్ళు జర్మనీని 'అల్మాఞ్' అంటారెందుకు?

జవాబు: తమకు దగ్గర్లో ఉన్న అలెమాన్ని తెగ పేరు మొత్తానికీ పెట్టేశారు. పొరుగువాళ్ళ అలవాటే అంత. మనం తమిళాన్ని అరవం అనడం కూడా తమిళదేశంలోని అరువనాడు పేరు మీదనే అంటారు. జర్మన్లు తమను 'డాయిచ్' అనుకుంటారు. పాత రూపంలో దానర్థం 'జనానిది' అని, అంటే లాటిన్ కాని జనభాష. నాకైతే పాల్కురికి సోమన జానుతెనుగు గుర్తొస్తుంది.

అసలు రుచికరమైన సంగతి 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో జరిగింది. ఫ్రాంకు చక్రవర్తి షార్లమేన్ మనవళ్ళు లూయీ, చార్లెస్ ఇద్దరూ తమ అన్న లోథార్ మీద ఒక్కటయ్యారు. లూయీది తూర్పు సైన్యం, జర్మానిక్ మాట. చార్లెస్‌ది పడమటి సైన్యం, లాటిన్ నుంచి పుట్టిన రొమాన్స్ మాట. ఎదుటి సైన్యానికి అర్థం కావాలని ఎవరి భాషలో వాళ్ళు కాకుండా అవతలివాడి భాషలో ప్రమాణం చేశారు. లూయీ "ప్రో దెయో అముర్" అని మొదలుపెడితే, చార్లెస్ "ఇన్ గోదెస్ మిన్నా" అన్నాడు. రెండింటికీ అర్థం దేవుడి ప్రేమ కోసం అనే. వీళ్ళ చుట్టమే అయిన నీతార్డు తన లాటిన్ చరిత్రలో రెండింటినీ ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. ఫ్రెంచి భాషలో మనకు దొరికిన మొదటి వాక్యాలు వీటిలోని ఆ రొమాన్స్ మాటలే. పలికిందెవరు? చరిత్రలో 'జర్మన్ లూయీ' అని పేరు పడ్డవాడు.

మరుసటి ఏడే, 843లో, వెర్డన్‌లో అన్నదమ్ముల పంపకాలు అయ్యాయి. నడిమి వాటా లోథార్‌ది. ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతం పేరు ఆ కుటుంబం నుంచి వచ్చిందే. ఆ ప్రమాణం చేసిన స్ట్రాస్‌బర్గ్ 1871 నుంచి 1945 లోపల ఫ్రాన్సు, జర్మనీల మధ్య నాలుగుసార్లు చేతులు మారింది.

ఇంకొకరు: ఒక్క సందేహం మాస్టారూ. పాత తెలుగులో ఫ్రెంచివాళ్ళు 'పరాసులు' కదా, ఫిరంగులు కారే?

జవాబు: పరాసు అన్నది వాళ్ళు తమను పిలుచుకునే 'ఫ్రాన్సే' నుంచి వచ్చింది. అంటే అదీ ఫ్రాంకే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోట మీదికి తోపులు తెచ్చాడు కదా, 'పరాసుల ఫిరంగులు' అని రాస్తే ఆ రైన్ ఒడ్డు తెగ పేరు రెండుసార్లు రాసినట్టే.

ఇంకొకరు: మా హిందూపురం పక్కన కన్నడం వాళ్ళు బొప్పాయిని 'పరంగి హణ్ణు' అంటారు. అదీ వీళ్ళ ఖాతాలోదేనా?

జవాబు: అదే పరంగి. పండు అమెరికాది, తెచ్చింది పోర్చుగీసు ఓడలంటారు, పేరు మాత్రం ఫ్రాంకులది.